గ్రామసభ పెట్టేనాటికి మా ఊరి పిల్లోళ్ళు మిరప చేన్లల్లో ఉంటారు

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో యువత రాజకీయాల్లోకి రావాలి, నీతిగల నాయకత్వం రావాలి అని ఒక పెద్దాయన రాసిన వ్యాసం చదివినాను. బాగానే రాసినారు. కాకపోతే చదువుతా ఉంటే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నేను వచ్చినా సార్. 2021 ఫిబ్రవరిలోనే వచ్చినా. అప్పటికి నాకు 22 ఏళ్ళు, ఆదోని డివిజన్లో ఒక ఊరికి వార్డు మెంబరుని. ఊరి పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తది. 2026 ఏప్రిల్‌తో మా పదవి అయిపోతది, దిగిపోయే ముందు ఉన్నది ఉన్నట్టు ఒకసారి చెప్పి పోదామని ఈ ఉత్తరం రాస్తున్నా. పొడుగయితే కత్తిరించుకోండి, సుగ్గి గురించి, అంటే మా ఊరోళ్ళు కూలికి వలసపోవడం గురించి రాసింది మాత్రం తీసేయొద్దు.

ముందు నేను ఎట్ల వచ్చినానో చెప్తా. గెలిచినా అని చెప్పుకోడానికి కూడా లేదు, ఏకగ్రీవం. మా వార్డు మహిళకి రిజర్వు అయింది. ఎప్పుడూ ఆ వార్డులో నిలబడే ఆయన భార్యని పెడదామంటే ఆమెకి ఆరోగ్యం బాగలేదు, కోడల్ని పెడదామంటే కోడలు పురుటికి పుట్టింటికి పోయింది, ఇంక ఎవరని చూసి మా నాయన దగ్గరికి వచ్చి "మీ పిల్ల డిగ్రీ చదివింది కదప్పా, పేరు పెట్టేద్దాం, సంతకం పెడితే చాలు, మిగిలినవి మేం చూసుకుంటాం" అన్నారంట. అన్నారంట అని ఎందుకంటున్నానంటే ఆ మాట జరిగినప్పుడు నేను లేను, కర్నూల్లో కోచింగ్ రూంలో ఉన్నా. రాత్రి తొమ్మిదికి మా అమ్మ ఫోన్ చేసి ఆధార్ కార్డు జిరాక్స్ ఎక్కడ పెట్టినావే అని అడిగింది. యువత రాజకీయ ప్రవేశం అంటే మా ఇంట్లో అట్ల జరిగింది.

సర్పంచి సీటు సంగతి వేరే. అది రచ్చకట్ట మీద తేలింది. గుడికి ఎవరు ఎక్కువ ఇస్తారో వాళ్ళే సర్పంచి అని పాట పాడినారు. వేలంపాట అనకూడదంట, "ఊరి మాట" అనాలంట. ఆ ఏడాది ఏకగ్రీవం అయితే ప్రభుత్వం కూడా డబ్బులిస్తాదని ప్రకటన ఉన్యింది కదా, జనాభా రెండు వేల లోపుంటే 5 లక్షలు, పది వేలు దాటితే 20 లక్షలు, మధ్యలో ఉన్నవాటికి మధ్యలో. మాది మధ్య ఊరు, 10 లక్షలొస్తాయన్నారు. గొడవల్లేకుండా ఊరు ఒక మాట మీద ఉండడం మంచిదే, ఫ్యాక్షన్ చూసిన జిల్లాలో ఆ మాటకి విలువుంది, మా మేనమామ ఆ గొడవల్లో జైల్లో గడిపిన ఏళ్ళు మా అవ్వ ఇప్పటికీ లెక్కపెడుతుంటది. అందుకే నేను ఏకగ్రీవాన్ని పూర్తిగా తిట్టలేను. కానీ ఆ రోజు కట్ట మీద ఒక్క ఆడమనిషి లేదు, ముప్పై ఏళ్ళ లోపు పిల్లోడు ఒక్కడు లేడు, టీ గ్లాసులు అందించే ఇద్దరు తప్ప. ఓటు వేయాల్సిన రోజు ఊరికి వేయడానికే ఏమీ లేదు. 18 ఏళ్ళు నిండి మొదటిసారి ఓటు రాయించుకున్నోళ్ళు మా వార్డులోనే చాలామంది ఉన్నారు. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించింది 1989లో అని మా పాలిటీ సారు క్లాసులో చెప్పినారు, తగ్గించి ఏం లాభం, వాళ్ళ వేలి మీద సిరా పడలేదు.

చట్టం మాత్రం మనకి తలుపు తెరిచే పెట్టింది. ఎమ్మెల్యే కావాలంటే 25 ఏళ్ళుండాల, సర్పంచికి వార్డు మెంబరుకి 21 చాలు. పంచాయతీల కోసం రాజ్యాంగంలో చేసిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పట్నుంచి అంతే. కేరళలో ఇట్లనే 21 ఏళ్ళ అమ్మాయి ఆర్యా రాజేంద్రన్ 2020 డిసెంబర్లో తిరువనంతపురం అంత పెద్ద నగరానికి మేయర్ అయింది. అది చూసి నేనూ కొంచెం ఊహించుకున్నా, అబద్ధం ఎందుకు. మొదటి మీటింగుకి కొత్త నోటుబుక్కు కొనుక్కొని పోయినా.

ఆ నోటుబుక్కులో మొదటి పేజీ ఇప్పటికీ ఖాళీనే. ఎందుకంటే మీటింగు జరగలేదు. సెక్రటరీ గారు రిజిస్టరు ఇంటికి పంపించినారు, అటెండరు వచ్చి "ఈడ సంతకం పెట్టండి మెంబరమ్మా" అన్నాడు. అడిగినా, ఏం మీటింగు అని. గ్రామసభ అన్నాడు. ఎప్పుడు జరిగింది అంటే "జరిగినట్టే మేడం" అన్నాడు. పైన తీర్మానాలు రాసి ఉన్నాయి, కింద పేర్లు రాసి ఉన్నాయి, కొన్ని వేలిముద్రలు అప్పటికే పడినాయి. నేను పెట్టినా సార్. సంతకం పెట్టినా. మా నాయన పక్కనే నిలబడి పెట్టేయమ్మా అన్నాడు, ఊర్లో బతకాల కదా అన్నాడు, పెట్టేసినా. నీతిగల నాయకత్వం గురించి ఎవరు రాసినా ముందు నాకు ఆ సంతకమే గుర్తొస్తది. ఆ తీర్మానాల్లో ఏముందో నేను చదివింది రెండేళ్ళ తర్వాత.

ఇప్పుడు సుగ్గి సంగతి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు ఇట్ల మా పడమటి మండలాల్లో ఉన్నోళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. మాకు వానలమీదే సేద్యం. పంట తీసినా తీయకపోయినా దసరా, దీపావళి దాటితే ఊరు కదుల్తది. ముందు పత్తి తీయడానికి, సంక్రాంతి దాటినాక గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి. దాన్నే మేం సుగ్గికి పోవడం అంటాం. ఐచర్ బండ్లలో సామాన్లు, మేకపిల్లలు, పసిపిల్లలు అన్నీ వేసుకొని పోతారు, చేను గట్టున పట్టలు కట్టుకొని ఉంటారు, ఉగాదికి కొందరు వస్తారు, కొందరు ఇంకా తర్వాత వస్తారు. ఇంట్లో ముసలోళ్ళు, బడికి పోయే పిల్లలు మిగుల్తారు, ఆ పిల్లల కోసమే సీజనల్ హాస్టళ్ళని పెడతారు. మా వీధిలో సంక్రాంతి తర్వాత తాళాలు లేని ఇండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మరి గ్రామసభలు ఎప్పుడు పెడతారు మా ఊర్లో? ఎక్కువగా జనవరిలో, ఏప్రిల్లో. పంచాయతీ ప్రణాళిక రాసుకునే కార్యక్రమం అక్టోబర్ 2న మొదలుపెడతారు, అది జోరందుకునేసరికి బండ్లు ఎక్కేసి ఉంటారు. ఊరికి ఏం కావాలో రాసుకునే టైంలో ఊరే ఊర్లో ఉండదు! కట్ట మీద ఉండేది నలుగురు ముసలోళ్ళు, ఇద్దరు కాంట్రాక్టు మనుషులు, గ్రామ సచివాలయం స్టాఫు, ఒక కుక్క. ఎవరు కుట్రచేసి ఆ తేదీలు పెట్టినారని నేను అనను, పైన ఎక్కడో కూర్చొని అన్ని జిల్లాలకి ఒకటే క్యాలెండరు వేసినారు, అంతే. కోనసీమకి సరిపోయే తేదీ కోసిగికి సరిపోదు అని చెప్పేవాడు ఆ రూంలో లేడు. గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టాలని చట్టంలో ఉంది, అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే ఎవరూ జైల్లో వేయరు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎన్నయినా పెట్టుకోవచ్చు. నేను రెండుసార్లు రాసిచ్చినా. చూస్తామన్నారు.

యువత పాలనలో లేదు అని వ్యాసంలో రాసినారు కదా, అది కూడా పూర్తి నిజం కాదు. 2019 అక్టోబర్ నుంచి సచివాలయాలు వచ్చినాక ఊర్లో గవర్నమెంటు అంటే కనిపించేదంతా కుర్రోళ్ళే. 50 ఇళ్ళకి ఒక వాలంటీరు, నెలకి 5 వేలు. మా ఊర్లో వాలంటీర్లంతా నా ఈడు వాళ్ళే, ఏ అవ్వకి పింఛను ఎందుకు ఆగింది, ఎవరింట్లో రేషన్ కార్డు విడిపోలేదు, ఏ పిల్ల బడి మానేసింది అన్నీ నోటికి చెప్పేటోళ్ళు. ఇంత తెలిసినోళ్ళని ఊరికి ఏం చేద్దాం అని ఒక్కరోజు ఎవరైనా అడిగినారా? చెప్పింది చేయడమే. ఫోన్లో టార్గెట్ వస్తది, వేలిముద్ర వేయించుకొని రావాల. పార్టీల గొడవలో ఇరుక్కొని 2024 తర్వాత ఆ వ్యవస్థే పోయింది, వాళ్ళు మంచోళ్ళా చెడ్డోళ్ళా అని రెండు పార్టీలు తిట్టుకుంటా ఉంటే వాళ్ళలో కొందరు మొన్న అక్టోబర్లో పత్తి బండెక్కినారు. నడిచేటోళ్ళు కావాలి, ఆలోచించేటోళ్ళు వద్దు, మన రాజకీయం పిల్లోళ్ళని వాడుకునే పద్ధతి ఎప్పుడూ ఇదే. మా మేనమామ తరంలో చేతికి బాంబులిచ్చినారు, ఇప్పుడు బైకులో పెట్రోలు, బిర్యానీ ప్యాకెట్టు, స్టేటస్ పెట్టడానికి వీడియో ఇస్తున్నారు. దీనికి సంతోషపడాల్సిందే, ప్రాణాలు పోవట్లేదు. కానీ ఫ్లెక్సీల మీద 'యువనేత' అని వేసుకునే ఆయనకి మా మండలంలో 47 ఏళ్ళు, ఆయన కొడుకు ఇంటర్. కింద పాస్‌పోర్టు సైజులో ఇరవై మంది ఫోటోలుంటాయి చూడండి, వాళ్ళు నిజమైన యువత.

అన్నీ తిట్టడమే కాదు, ఒక మంచి విషయం చెప్తా. మా అన్న (పెదనాయన కొడుకు) ఇంటర్ తర్వాత కొన్నాళ్ళు ఉపాధి హామీ సోషల్ ఆడిట్లో విలేజ్ ఆడిటరుగా చేసినాడు. ఉపాధి హామీ మొదలైంది మన పక్కనే, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి మొదలుపెట్టినారు. అదే ఏడాది ఆ జిల్లాలోనే ఊరూరా పాదయాత్రలు చేసి సోషల్ ఆడిట్ చేసినారు, తర్వాత అది రాష్ట్రమంతా పాకింది. అందులో గొప్ప ఏంటంటే, ఆడిట్ చేసేది సూటు వేసుకున్న ఆడిటర్ కాదు, కూలికి పోయే ఇంట్లో కాస్త చదువుకున్న పిల్లో పిల్లోడో. వాళ్ళ ఊరు వాళ్ళకి ఇవ్వరు, పక్క ఊరికి పంపుతారు. మస్టర్లు (కూలోళ్ళ హాజరు పట్టీలు) చేతికిస్తారు, పని కొలతలు రాసే ఎం-బుక్కు ఇస్తారు. ఇల్లిల్లు తిరిగి ఎన్ని రోజులు పనికి పోయినావక్కా, ఎంత వచ్చింది అని అడిగి రాసుకుంటారు, టేపు పట్టుకొని గుంత కొలుస్తారు, ఆఖర్న సభ పెట్టి పేర్లన్నీ పైకి చదువుతారు. చనిపోయినోళ్ళ పేరు మస్టరులో వస్తే జనంలో నుంచి ఎవరో ఒకరు "వాడు పోయి రెండేళ్ళయింది కదప్పా" అంటారు. అంతే, ఇంక ఫీల్డ్ అసిస్టెంట్ ఏం చెప్పినా నిలవదు. మా అన్న ఆ పని చేసి వచ్చేసరికి మనిషే మారిపోయినాడు, కాగితం అంటే భయం పోయింది. తిన్న డబ్బు అంతా తిరిగి వసూలైందా అంటే కాలేదు, అది మా అన్నే చెప్తాడు, సభలో ఒప్పుకుంటారు, తర్వాత ఫైలు పడుకుంటది. కానీ పైకి చదవడం అనేది ఉంది చూడండి, దానికి ఒక బలం ఉంది.

ఆ అన్నే నాకు ఫోన్లో ఈ-గ్రామ్ స్వరాజ్ సైటు చూపించినాడు. ఇది పాఠకులకి కూడా చెప్పాలని ఉంది. ఎవరైనా చూడొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ కొట్టుకుంటా పోతే మీ ఊరికి ప్లాన్లో ఏ పనులు పెట్టినారు, ఏ బిల్లు ఎంత కట్టినారు అన్నీ వస్తాయి. కేంద్రం పంచాయతీలకి ఇచ్చే 15వ ఆర్థిక సంఘం డబ్బుల్లో 60 శాతం తాగునీళ్ళు, పారిశుధ్యానికే వాడాల, మిగతా 40 ఊరి అవసరాన్ని బట్టి. ఆ డబ్బు కదలాలంటే సర్పంచి డిజిటల్ కీ (సంతకానికి బదులు కంప్యూటరుకి పెట్టేది), సెక్రటరీ డిజిటల్ కీ రెండూ పెట్టాల. మా సర్పంచి ఆడమనిషి, మంచామె, నన్ను బిడ్డా అని పిలుస్తాది. ఆమె కీ మాత్రం ఆమె మొగుడి చొక్కా జేబులో ఉంటది. పెన్ను పక్కన తగిలించుకొని తిరుగుతాడాయన, పెళ్ళిళ్ళకి పోయినా సరే. మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడోళ్ళవి అని గర్వంగా చెప్పుకుంటాం కదా, ఎన్ని కీలు ఎవరి జేబుల్లో ఉన్నాయో ఒకసారి లెక్క తీస్తే బాగుంటది.

సైటులో చూస్తే నేను సంతకం పెట్టిన ఏడాదిలో బోరు మోటారు రిపేరు అని నాలుగుసార్లు బిల్లయింది. కడుపులో దేవినట్టయింది నాకు. ఐతే ఒకటి ఒప్పుకోవాల, మా దగ్గర ఓల్టేజీ అట్ల ఉంటది, మోటార్లు నిజంగానే కాలిపోతాయి, నాలుగిట్లో రెండు నిజమని వైండింగ్ షాపాయనే చెప్పినాడు. మిగతా రెండింటి సంగతి అడిగితే సర్పంచమ్మ మొగుడు కోపం చేసుకోలేదు, కూర్చోబెట్టి ఆయన లెక్క ఆయన చెప్పినాడు. సర్పంచికి నెలకి 3 వేలు గౌరవ వేతనం, అదీ నెలనెలా రాదు. వచ్చిన నిధులు కరెంటు బకాయిల కింద పట్టుకున్న ఏడాది ట్యాంకరు నీళ్ళకి సొంత డబ్బు పెట్టినాడంట, నిజమే, నేనూ చూసినా. గుడికి పాట పాడిన లక్షలు ఉన్యాయి కదా, అవి ఎట్ల వస్తాయమ్మా అని నన్నే అడిగినాడు. నాకు జవాబు తెలీలేదు. తప్పు ఆయనదే అని రాస్తే ఉత్తరం తేలికగా అయిపోతది. కానీ ఆ లక్షలు పెట్టించింది కట్ట మీద కూర్చున్న ఊరంతా కదా. సీటు కొనుక్కున్నోడు మళ్ళా అమ్ముకుంటాడు, అది వాడి వడ్డీ.

ఇంక అసలు జరిగిన సభ. 2024 ఆగస్టు 23. రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభ పెట్టినారు కదా, ఉపాధి పనులకి ఆమోదం కోసం. పైనుంచి ఆర్డరు గట్టిగా ఉంది, ఫోటోలు అప్‌లోడ్ చేయాల, అందుకని షామియానా వేసినారు, మైకు పెట్టినారు, డప్పు కొట్టించి చాటింపు వేసినారు. ఆగస్టు కాబట్టి ఊరు ఊర్లోనే ఉంది. నేను ముందురోజు రాత్రి మా వార్డు పిల్లోళ్ళకి, ఆడపిల్లలకి చెప్పినా, ఊరికే వచ్చి కూర్చోండి, మాట్లాడకపోయినా ఫరవాలేదు అని. నలభై మంది దాకా వచ్చినారు. సగం మంది ఫోన్లు చూసుకుంటా ఉన్నారు, అది వేరే విషయం.

సెక్రటరీ గారు పనుల లిస్టు చదవడం మొదలుపెట్టినారు. మూడో పనో నాలుగో పనో వచ్చినప్పుడు, ఐటీఐ చదివి ఖాళీగా ఉండే పిల్లోడు ఒకడు లేచి "సార్, ఈ కుంట పోయినేడు కూడా తీసినట్టుందే, మాది దాని పక్క చేనే, ఈసారి ఎంత లోతు తీస్తారు?" అన్నాడు. గట్టిగా కూడా అడగలేదు పాపం, నిజంగా తెలుసుకుందామనే అడిగినాడు. సెక్రటరీ గారు సర్పంచమ్మ వైపు చూసినారు, సర్పంచమ్మ మొగుడి వైపు చూసింది, మొగుడు షామియానా గుంజ వైపు చూసినాడు. జనం నవ్వినారు. అంతే సార్, ఆ నవ్వుతో సభ సభ అయింది. తర్వాత ఒక అవ్వ లేచి పశువులకి నీళ్ళ తొట్టి అడిగింది, మా వీధి అక్కలు పొలం దారి అడిగినారు, వానొస్తే ఆ దారిలో బండి కాదు మనిషే పోలేడు. ఆ కుంట తీసేసి ఆ రెండూ రాసుకున్నారు. తొట్టి కట్టినారు. దారికి మట్టి సగమే పడింది, మిగతా సగం ఎప్పుడో.

నేనేం చేసినా ఆ సభలో? పెద్దగా ఏం లేదు. మైకు ఆ పిల్లోడి దగ్గరికి పట్టుకుపోయినా.

మీ వ్యాసంలో పెద్దాయన గాంధీ గారి దగ్గర్నుంచి మొదలుపెట్టినారు, అంత దూరం ఎందుకు, మన సీమలోనే ఉన్నారు. దామోదరం సంజీవయ్య గారు కర్నూలుకి ఆనుకొని ఉన్న పెద్దపాడులో పుట్టినారు, 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకి 38 ఏళ్ళు. దేశంలో దళితుల్లో మొదటి ముఖ్యమంత్రి. ముసలోళ్ళకి పింఛను మొదలైంది ఆయన ప్రభుత్వంలోనే, ఏసీబీ అనే శాఖ 1961లో పుట్టింది కూడా ఆయన ఉన్నప్పుడే. 38 ఏళ్ళకి సొంత ప్రభుత్వం మీదే నిఘా పెట్టే శాఖని తెచ్చుకోవడం అంటే చిన్న విషయమా, ఇప్పుడు 38 ఏళ్ళున్న మా మండలం నాయకులు ఇంకా పెద్ద నాయకుడి కారు డోరు తీస్తున్నారు. తర్వాత నీలం సంజీవరెడ్డి గారు, అనంతపురం జిల్లా ఇల్లూరు ఆయన. కర్నూలు జిల్లా ప్రైవేటు బస్సు రూట్లని ప్రభుత్వం తీసుకున్న కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలు ఆయనకి తగిలేలా ఉన్నాయని 1964లో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసినారు. దిగిపొమ్మని కోర్టు చెప్పలేదు. ఆ రోజుల్లో కూడా రాజకీయం రాజకీయమే, నేను ఎవర్నీ దేవుళ్ళని చేయట్లేదు, ఆ తరంలో మా ఊళ్ళల్లో దొరల పెత్తనం ఎట్ల ఉన్యిందో మా తాత చెప్పేవాడు. కానీ ఇప్పుడు కోర్టు మొట్టికాయ వేస్తే ఫ్లెక్సీ కట్టి ఊరేగింపు తీస్తారు. ఆ తేడా ఒకటి ఉంది.

అట్లాంటి వాళ్ళు రావాలి అంటే ఎక్కడ్నుంచి వస్తారు? కాలేజీల్లో యూనియన్ ఎలక్షన్లు మా నాయన చదివే రోజుల్లోనే ఆపేసినారు. 2024 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని గారు కూడా రాజకీయ కుటుంబాలతో సంబంధం లేని లక్ష మంది యువత రాజకీయాల్లోకి రావాలి అన్నారు. నేను టీవీలో విన్నా. ఎనిమిది రోజుల తర్వాత మా ఊర్లో నలభై మంది వచ్చినారు, ఎందుకొచ్చినారంటే ఆ రోజు వాళ్ళు ఊర్లో ఉన్నారు, మైకు ఉంది, చాటింపు వేసినారు. వాళ్ళని రాజకీయాల్లోకి ఎవరూ ఆహ్వానించలేదు.

అందుకే నేను అడిగేవి చిన్నవి. మా పడమటి మండలాలకి గ్రామసభ తేదీలు సుగ్గి చూసుకొని పెట్టండి, కలెక్టరు గారు తల్చుకుంటే అయ్యే పనే. ఉపాధి పనులకి చేసినట్టే పంచాయతీ నిధులకి కూడా పక్క ఊరి పిల్లోళ్ళతో లెక్క పైకి చదివించండి, సైటులో ఉంది కదా అనొద్దు, మా పడమటి మండలాలు చదువులో ఎక్కడున్నాయో మీ పేపర్లోనే వేస్తుంటారు, సైటు చూసేదెవరు. వచ్చే ఎలక్షన్లో ఏకగ్రీవం చేసుకోండి, కాదనను, కానీ నామినేషన్లకి ముందు అందరి ముందర సభ పెట్టి చేసుకోండి, రాత్రిపూట కట్ట మీద కాదు. సమాచార హక్కు దరఖాస్తుకి ఊరి స్థాయి ఆఫీసుల్లో ఫీజు కూడా లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. డబ్బు కోసం ఎవరూ ఆగట్లేదు. "ఎవరి పిల్ల నువ్వు" అని అడుగుతారు చూడండి, దానికి ఆగుతారు. నన్నూ అడిగినారు. వార్డు మెంబరుని సార్ అంటే, అది సరే, ఎవరి పిల్ల అన్నారు.

మళ్ళా నిలబడతావా అని అమ్మ అడుగుతా ఉంది. సంబంధాలు చూస్తున్నారు, ఏ ఊరికి పోతానో తెలీదు, ఓటు కూడా ఆ ఊరికే పోతది, ఇది మగపిల్లోళ్ళకి లేని ఇబ్బంది, దీని గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఆ ఐటీఐ పిల్లోడు మాత్రం నిలబడతా అంటున్నాడు. రిజర్వేషన్ ఏమొస్తదో చూడాల. వాడు ఇప్పుడు ఊర్లో లేడు, పత్తికి పోయినాడు, అట్నుంచి అటే మిరపకి పోతాడంట. నామినేషన్ల తేదీ వస్తే ఫోన్ చేయక్కా అని చెప్పి పోయినాడు.

సంపాదకులు గారికి ఒక్క మనవి. ఇంకో వ్యాసం వేయక్కర్లేదు. వచ్చే జనవరిలో గ్రామసభ రోజు మీ విలేకరిని మా డివిజన్లో ఏ ఊరికైనా పంపండి. ముందు రచ్చకట్ట దగ్గర తలలు లెక్కపెట్టమనండి, తర్వాత సచివాలయంలో రిజిస్టరు అడిగి సంతకాలు లెక్కపెట్టమనండి, రెండు అంకెలూ పక్కపక్కన వేయండి చాలు. మా ఊరే వచ్చినా సరే, ఈసారి నా సంతకం సభకి పోతేనే ఉంటది.

ఇట్లు,
ఒక వార్డు మెంబరు,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా.
(నా పేరు వేయొద్దు, ఊర్లో ఎట్లయినా కనుక్కుంటారు, కానీ మా నాయనకి రెండు రోజులు టైము దొరుకుతది.)